జోయెల్ పాదంలో ఎముక, నేను నొక్కిన ‘నో’

మా తమ్ముడు జోయెల్ ఎగరాల్సిన చోట ఎగరలేదు. ఏదో తేడా ఉందని నాకు మొదట అనిపించింది ఆ రోజే. మార్చి ఆఖరులో ఒక శనివారం, అమెరికాలో మేముండే అరోరాలో చలి ఇంకా పూర్తిగా పోలేదు. గ్రౌండ్ పక్కన మడత కుర్చీలో, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, ఒళ్ళో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాను. బంతి చాలా ఎత్తు నుంచి వాడి మీదకి దిగుతోంది. పక్కనే అవతలి జట్టువాడు. మామూలుగా అయితే జోయెల్ అవతలివాడి తల పైకి లేచి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది బంతిని అవతల పడేస్తాడు. ఆ రోజు మడమలు నేలకి ఆనించి చూస్తూ ఉండిపోయాడు. అవతలివాడు తాపీగా బంతి పట్టుకుని గోల్ కొట్టుకున్నాడు.

ఈ ఆట సంగతి ముందు చెప్పాలి. దీన్ని ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటారు. కోలగా ఉండే బంతి, క్రికెట్ గ్రౌండ్ అంత మైదానం, జట్టుకి పద్దెనిమిది మంది. అమెరికాలో కూడా ఆడతారని వాడు చేరేదాకా నాకు తెలియదు. జోయెల్ ఎంఎస్ చదవడానికి వచ్చిన కొత్తలో, వాళ్ళ ల్యాబ్‌లో ఉన్న ఆస్ట్రేలియా కుర్రాడు ఒకడు “మాకు మనుషులు తక్కువయ్యారు, నువ్వు పొడుగ్గా ఉన్నావు, రా” అని తీసుకెళ్ళాడు. బాపట్లలో మావాడు కబడ్డీలో కార్నర్ ఆడేవాడు. కూతకొచ్చినవాణ్ణి కాచుకుని కాచుకుని చీలమండ దొరకబుచ్చుకోవడం వాడి పని. ఇక్కడా అలాంటి పనే ఇచ్చారు, ఫుల్ బ్యాక్ అని. అవతలి జట్టులో గోల్స్ కొట్టే పొడుగువాణ్ణి ఆట మొత్తం అంటిపెట్టుకుని ఉండి, వాడికి బంతి దక్కనివ్వకూడదు. అలా గుద్ది చెడగొట్టడాన్ని స్పాయిల్ అంటారు. ఆట అయ్యాక స్కోరులో స్పాయిల్ చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు.

“ఇదేం ఆటరా, రెక్కలు ముక్కలు చేసుకునేది నువ్వు, పేరు ఎవడికో” అనేదాన్ని.

“అక్కా, నా పేరు వినపడలేదంటే నేను బాగా ఆడినట్టు. ఫుల్ బ్యాక్ అంటే అంతే” అనేవాడు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరూ రాసి పెట్టని చోట రాసి పెట్టకుండా ఉండలేను. అందుకే ప్రతి ఆటకీ వెళ్ళి వాడి స్పాయిల్స్ నోట్‌బుక్‌లో గీతలు గీసేదాన్ని. అంతకు ముందు ఏడు ఆటకి ఎనిమిది, తొమ్మిది గీతలు పడేవి. ఆ మార్చి ఆఖరుకి రెండే పడ్డాయి. ఇరవై మూడేళ్ళవాడు, పైగా చలికాలమంతా జిమ్‌కి వెళ్ళినవాడు, ఉన్నట్టుండి ఎందుకు నెమ్మదించాడో నాకు అర్థం కాలేదు. వాళ్ళ కోచ్ గ్రెగ్ కూడా గమనించాడు. అక్టోబర్‌లో దేశంలోని క్లబ్బులన్నీ ఒకచోట చేరి ఆడే టోర్నమెంట్ ఉంటుంది. ఫస్ట్ టీమ్‌లో ఫుల్ బ్యాక్ నువ్వే అని జనవరిలో జోయెల్‌కి చెప్పింది ఆయనే. ఇప్పుడు రెండు కిలోమీటర్ల పరుగులో వాడు వెనకబడేసరికి, “ఆట మీద మనసు పోయిందా?” అని అడిగాడట. వాడు కారులో ఆ మాట చెప్తూ ఏడ్చినంత పని చేశాడు. ఆ జట్టులో ఆ చోటు తప్ప ఆ ఏడు వాడు ఇంకేం కోరుకోలేదు.

ఏప్రిల్ రెండో వారంలో పాదం నొప్పి మొదలైంది. దెబ్బ తగల్లేదు, మడత పడలేదు. పాదం పైభాగంలో, చీలమండకి కాస్త ముందు, సన్నగా నొప్పి. పరిగెత్తితే వచ్చేది, కూర్చుంటే పోయేది. షూ లేసులు బిగుతయ్యాయేమో అనుకున్నాం. ఐస్ పెట్టాం. ఊరి నుంచి తెచ్చుకున్న నూనె రాశాం. అర్జెంట్ కేర్‌లో ఎక్స్‌రే తీసి, “లుక్స్ నార్మల్, రెండు వారాలు రెస్ట్” అన్నారు. వాడు సరిగ్గా పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకుని పదిహేనో రోజు గ్రౌండ్‌లో ఉన్నాడు. మే నెలలో రెండో ఆట సగంలో కుంటుకుంటూ బయటకి వచ్చేశాడు.

అప్పుడు నేనే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. వెయిటింగ్ రూమ్‌లో ట్యాబ్లెట్ చేతికిచ్చి ఫారమ్ నింపమన్నారు. నేను చదువుతుంటే వాడు చెప్తున్నాడు, నేను నొక్కుతున్నాను. పొగ తాగుతారా, నో. మందు, నో. నిద్ర సరిపోతుందా, యెస్. భోజనాలు మానేస్తుంటారా, ఆహారంలో ఈ మధ్య మార్పులున్నాయా? వాడు నా వైపు కూడా చూడలేదు, నేను వాడి వైపూ చూడలేదు. నో అని నొక్కేశాను.

డాక్టరమ్మ మంచి మనిషి, మాట తక్కువ. వాడి పాదాన్ని చేతిలోకి తీసుకుని వేలితో వెతుక్కుంటూ వెళ్ళి ఒకచోట నొక్కింది. జోయెల్ బల్ల మీద నుంచి లేచినంత పనైంది.

“దిస్ స్పాట్ ఐ డోంట్ లైక్” అంది.

ఎమ్మారై తీస్తే నావిక్యులర్ బోన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. పాదం వంపులో పైన ఉండే చిన్న ఎముక. దెబ్బకి విరిగింది కాదు, కొద్దికొద్దిగా చీలింది. ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదట. ఆ ఎముకకి రక్తం అందేది తక్కువ, అందుకని అతకడానికి మొండికేస్తుందని చెప్పింది. ఆరు వారాలు పాదం కదలకుండా పట్టి ఉంచే బూట్, క్రచెస్, కాలు నేలకి ఆనకూడదు. అతకకపోతే స్క్రూలు వేయాలి. “స్క్రూలు వేసినా మళ్ళీ ఇలా ఎగిరి ఆడగలడని నేను మాట ఇవ్వలేను” అని కూడా అంది. అప్పటిదాకా నాకు అక్టోబర్ ఒక్కటే కళ్ళ ముందుంది. ఆ మాట విన్నాక వాడు అసలు మళ్ళీ ఎగరగలడా అన్నది ముందుకొచ్చింది.

బ్లడ్ టెస్టులు కూడా రాసింది. విటమిన్ డి తక్కువ, ఐరన్ తక్కువ, టెస్టోస్టెరోన్ అయితే వయసుకి తగ్గట్టు లేనే లేదు. ఆవిడ ఆ కాగితం మా ముందు పెట్టింది. “హెల్దీ యంగ్ మ్యాన్. తింటున్నాడు, నిద్రపోతున్నాడు. మరి ఎందుకు?” అని మమ్మల్నే అడిగింది. మేమిద్దరం నిజంగానే తెలియక భుజాలెగరేశాం. అబద్ధం ఆడుతున్నామని కూడా మాకు తెలియదు, అదీ విచిత్రం.

ఇప్పుడు అసలు సంగతి. మేము క్రైస్తవులం. మా ఇంట్లో ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమ దినాలు నలభై రోజులూ ఉపవాసం ఉంటాం. పొద్దున్నుంచి సాయంత్రం ప్రార్థన దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోం, ఆ తర్వాత ఒక్క పూట భోంచేస్తాం. నేను పన్నెండేళ్ళప్పటి నుంచి ఉంటున్నాను, వాడు పదేళ్ళకే నాతో పోటీకి మొదలుపెట్టాడు. నేను ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉపవాసం ఉంటాను. వాడు అదే ఉపవాసం మీద మంగళవారం, గురువారం ప్రాక్టీసులో పదేసి కిలోమీటర్లు పరిగెత్తాడు, శనివారం ఆట ఆడాడు. నలభై రోజులు అయిపోయాక కూడా శుక్రవారాలు మానలేదు. ఇక ఉపవాసం ఉన్నామని పైకి చెప్పుకోకూడదని మా అమ్మ పెంపకం. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోవాలి. చెప్పుకుంటే అది దేవుడి కోసం కాదు, మనుషుల కోసం అయిపోతుంది. అందుకే గ్రెగ్‌కి చెప్పలేదు, ల్యాబ్‌లో చెప్పలేదు. డాక్టర్‌కి చెప్పాలని మాకు తట్టనే లేదు. భోజనం మానేయడం అంటే మా దృష్టిలో అలిగి కంచం ముందు నుంచి లేచిపోవడం. అలాంటివి మా ఇంట్లో ఎవరూ చేయరు.

దీన్ని మించిన తెలివైన పని ఇంకోటి చేశాం. మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాల్లో జరుగుతుంది. అక్కడ ఉపవాస ప్రార్థనలు నడిపించేది సువార్తమ్మ ఆంటీ. తెనాలిలో హెడ్‌నర్స్‌గా చేసి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. జోయెల్ క్రచెస్ మీద రావడం చూసి ఆంటీ కన్నీళ్ళు పెట్టుకుంది. “బిడ్డ కాలు కోసం ఇరవై ఒక్క రోజులు ఉపవాసముండి ప్రార్థన చేద్దాం” అంది. పన్నెండు మంది పేర్లు ఇచ్చారు. పదమూడో పేరు జోయెల్‌ది. నా కోసం అందరూ పస్తుంటే నేను తింటానా అన్నాడు. నాకు ముచ్చటేసింది. వాడి పేరు నా చేత్తోనే రాశాను.

జూన్ అంతా అలా గడిచింది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్‌లో అందరం కలిసేవాళ్ళం. ఆ తర్వాత వాడు అన్నం తినేవాడు, అదీ సగం తిని చాలనేవాడు. చిక్కిపోతున్నాడంటే, ఆట లేదు కదా కండ తగ్గుతుందిలే అనుకున్నాను.

జూలైలో సీటీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ స్క్రీన్ మా వైపు తిప్పింది. ఎముకలో ఆ నల్ల గీత ఎక్కడిది అక్కడే ఉంది. “ఐ ఎక్స్‌పెక్టెడ్ మోర్” అంది. ఇంకో ఎనిమిది వారాలు కాలు నేల మీద పెట్టకూడదు, అప్పటికీ ఇలాగే ఉంటే సర్జరీ. అక్టోబర్ పోయిందని ఆవిడ వేరే చెప్పక్కర్లేదు. కారు దాకా వచ్చి జోయెల్ క్రచ్‌ని తలుపుకేసి కొట్టాడు. వాడు అలా చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

“అందరూ అంత ప్రార్థన చేశారు కదక్కా. నాలోనే ఏదో ఉంది” అన్నాడు.

ఆఫీసులో ఏదైనా పాడైతే ఊరికే బాధపడం కదా, ఎప్పటి నుంచి పాడైందో వెనక్కి వెతుకుతాం. ఇంటికొచ్చి నోట్‌బుక్ తీశాను. ఫిబ్రవరి ఆటలో తొమ్మిది గీతలు. మార్చి మొదటి శనివారం ఆరు. తర్వాత ఐదు, మూడు, రెండు. మొదట తగ్గింది ఎప్పుడా అని చూస్తే మార్చి మొదటి వారం. ఆ వారం ఏం మారిందని వాణ్ణి అడిగాను. కొత్త బూట్లా, కొత్త గ్రౌండా, జిమ్‌లో బరువులా? ఇద్దరం గంటసేపు తలలు బద్దలు కొట్టుకున్నాం. శ్రమ దినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఆ శనివారానికి ముందు బుధవారమే. అది మాత్రం తట్టలేదు. రోజూ కళ్ళ ముందుండేది చివరికి కూడా కనపడలేదు.

కనిపెట్టింది డైటీషియన్. డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని ఆవిడ దగ్గరికి పంపింది. పేరు మారియా, చేతిలో ఫారమ్ లేదు, ఉత్త తెల్ల కాగితం ఉంది. తింటున్నావా లేదా అని అడగలేదు. “నిన్న పొద్దున లేచావు కదా. అక్కడి నుంచి నోట్లోకి ఏం వెళ్ళిందో గంట గంటకీ చెప్పు” అంది. నిన్న శుక్రవారం.

“మంచినీళ్ళు” అన్నాడు జోయెల్.

“తర్వాత?”

“మంచినీళ్ళు.”

“మధ్యాహ్నం?”

వాడు నా వైపు చూశాడు. నాకు ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. “నిన్న ఫాస్టింగ్ అండీ” అన్నాను.

“ఓకే. ఎంత తరచుగా ఉంటాడు?”

వేళ్ళ మీద లెక్కపెట్టాను. నలభై రోజులు, శుక్రవారాలు, జూన్‌లో ఇరవై ఒకటి. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితం మీద ఎముక బొమ్మ గీసి చూపించింది. పరిగెత్తిన ప్రతిసారీ ఎముకలో సన్నటి నెర్రెలు వస్తాయట, విశ్రాంతిలో ఒళ్ళు వాటిని పూడుస్తుందట. పూడ్చడానికి తిండి కావాలి. పని ఎక్కువై తిండి తక్కువైతే ఒళ్ళు ముందు గుండెకీ మెదడుకీ ఇచ్చుకుంటుంది, హార్మోన్లు తగ్గించేస్తుంది, ఎముక వరసలో చివర నిలబడుతుంది. దీన్ని రెడ్-ఎస్ అంటారు, ఆడపిల్లలకే వస్తుందని చాలామంది అనుకుంటారు, మగపిల్లలకీ వస్తుంది అంది. ఇన్నాళ్ళూ నాకున్న ప్రశ్నలన్నీ, ఎగరకపోవడం, పరుగు తగ్గడం, ఆ బ్లడ్ రిపోర్టు, ఎముక అతకకపోవడం, ఒకేసారి తేలిపోయాయి. అలా తేలినందుకు ఒక పక్క సంతోషం వేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వాడి కాలు అతకాలని మేము వాణ్ణే పస్తుంచాం. పేరు రాసింది నేను.

సువార్తమ్మ ఆంటీకి చెప్పడం నాకు డాక్టర్‌కి చెప్పడం కన్నా కష్టమైంది. విశ్వాసం తక్కువ అంటుందేమో అనుకున్నాను. ఆవిడ ఫోన్‌లో అంతా వింది.

“ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశానమ్మా నేను” అంది. “వార్డులో పేషెంట్ ఒక్క పూట తినకపోతే నిలదీసేదాన్ని. బిడ్డ క్రచెస్ మీద నిలబడి ఉపవాసం ఉంటానంటే మెచ్చుకున్నాను. నన్నేమనాలో చెప్పు.”

తర్వాతి బుధవారం ఆంటీ మమ్మల్ని హాలుకి రమ్మంది. మళ్ళీ ఇరవై ఒక్క రోజులు మొదలుపెడుతున్నాం, పన్నెండు మందే, అంది. పొద్దున్నుంచి పస్తున్నవాళ్ళందరూ గుండ్రంగా కుర్చీల్లో కూర్చున్నారు. ఆంటీ సంచిలోంచి స్టీలు క్యారియర్ తీసి జోయెల్ ఒళ్ళో పెట్టింది. మామిడికాయ పప్పు, అన్నం, కోడిగుడ్ల కూర, పెరుగు.

“తిను నాన్నా.”

“ఇక్కడా ఆంటీ? అందరి ముందూనా?”

“మా ఉపవాసం మేముంటాం. నీ భాగం తినడం. నువ్వు తినేదాకా ప్రార్థన మొదలుపెట్టను.”

ఆకలి మీదున్న పన్నెండు మంది చూస్తుండగా వాడు తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. హాలంతా పోపు వాసన. మొదటి ముద్ద దిగడానికి చాలాసేపు పట్టింది. మాకు ఎదురుగా కూర్చున్న రవి అంకుల్, “బాబూ, కాస్త త్వరగా కానియ్యి, ఆ గుడ్ల కూర వాసనకి మా ఉపవాసం పోయేట్టుంది” అన్నాడు. అందరూ నవ్వారు. జోయెల్ నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూ మొత్తం తిన్నాడు. నేను కూడా ఏడ్చాను.

ఆ తర్వాత నోట్‌బుక్‌లో స్పాయిల్స్ గీతలు గీసే చోట వాడి తిండి రాశాను. లేచిన గంటలో మూడు గుడ్లు, రెండు పెసరట్లు, గ్లాసుడు పాలు. పదకొండింటికి అరటిపండు, వేరుశనగలు. మధ్యాహ్నం అన్నం, మళ్ళీ నాలుగింటికి ఏదో ఒకటి. మొదటి రెండు వారాలు వాడికి తినడం ట్రైనింగ్ కన్నా కష్టమైంది, ఒంటికి అలవాటు తప్పిపోయింది. మధ్యలో ఒక శుక్రవారం మనసొప్పక నాకు చెప్పకుండా పస్తున్నాడు కూడా. దొరికిపోయాడు, గుడ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

సెప్టెంబర్ చివర్లో మళ్ళీ సీటీ. డాక్టరమ్మ ముందు వేలితో అదే చోట నొక్కింది. జోయెల్ పళ్ళు బిగించి కూర్చున్నాడు, నొప్పి రాలేదు. స్క్రీన్ మీద గీత మాసిపోయింది. “నౌ ఐ లైక్ ఇట్” అందావిడ. సర్జరీ అక్కర్లేదు. అక్టోబర్ టోర్నమెంట్‌కి వాడు బూట్‌తోనే వెళ్ళి బౌండరీ గీత బయట కూర్చుని చూశాడు. వాడి చోట ఆడిన కుర్రాడికి హాఫ్ టైమ్‌లో ఎక్కడ నిలబడాలో చెప్పాడట. బాధగా లేదా అంటే, “ఉంది. కానీ బయట నుంచి చూస్తే గోల్ కొట్టే ఫార్వర్డ్ ఎటు పరిగెత్తబోతున్నాడో ముందే తెలిసిపోతోందక్కా, లోపల ఉన్నప్పుడు ఇంత కనపడలేదు” అన్నాడు. గ్రెగ్‌కి కూడా అంతా చెప్పాడు. ఆయన “మనసు పోయిందా అని అడిగాను, అన్నం తిన్నావా అని అడగాల్సింది” అన్నాడట.

నడక, నీళ్ళలో పరుగు, నేల మీద పరుగు, చివర ఎగరడం. ఆరు నెలలు పట్టింది. కిందటేడు మేలో మళ్ళీ ఫస్ట్ టీమ్‌లో ఆడాడు. మొదటి ఆటలో నాలుగు గీతలు, ఆఖరి ఆటకి పది. బంతి దిగుతున్న ప్రతిసారీ నేను వాడి మడమల వైపే చూస్తాను. నేల వదిలాయంటే ఊపిరి తీసుకుంటాను. అక్టోబర్ టోర్నమెంట్‌లో కూడా ఆడాడు. ఎప్పటిలాగే స్కోరులో వాడి పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు మళ్ళీ శ్రమ దినాలు నడుస్తున్నాయి. నేను ఉపవాసం ఉంటున్నాను, వాడు నా ఎదురుగా కూర్చుని పెసరట్లు తింటాడు. ఉపవాసం బదులు నలభై రోజులూ నాకు వంట చేసి పెడతానని వాడు మొక్కుకున్నాడు. ఉప్పు ఎక్కువేస్తాడు, నేను నోరెత్తను. బుధవారం ప్రార్థనకి వెళ్తే సువార్తమ్మ ఆంటీ ఇప్పటికీ మొదలుపెట్టే ముందు, “జోయెల్, తిన్నావా?” అని అడుగుతుంది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. మీరు ఏ దేవుణ్ణి కొలిచినా, మీ ఇంట్లో ఆటలాడే పిల్లలు ఉపవాసాలు, ఒంటిపూటలు, దీక్షలు ఏవైనా ఉంటే డాక్టర్‌కీ కోచ్‌కీ ముందే చెప్పండి. చెబితే పుణ్యం తగ్గుతుందని దాచకండి. అడిగినవాళ్ళకి అవును, కాదు అని కాకుండా, నిన్న లేచినప్పటి నుంచి ఏం తిన్నారో గంట గంటకీ చెప్పండి.

పోయిన వారం నా యాన్యువల్ చెకప్ ఉంది. వెయిటింగ్ రూమ్‌లో అలాంటి ట్యాబ్లెట్టే ఇచ్చారు. భోజనాలు మానేస్తుంటారా? యెస్ అని నొక్కాను. కింద వివరాలకి చిన్న గడి ఉంటే ‘ఫాస్టింగ్, ప్రేయర్ కోసం’ అని టైప్ చేశాను. పక్కన కూర్చుని అరటిపండు తింటున్న జోయెల్ నా భుజం మీద నుంచి తొంగి చూశాడు.

“ఎన్ని రోజులో కూడా రాయక్కా” అన్నాడు.